ఇంటికి వచ్చే ఫిజియోథెరపిస్టు: చదువు చూడాలా, పని తీరు చూడాలా?

గూడూరు కోడలు (వేళచ్చేరి), జూన్ 12, ఉదయం 10:20

చెన్నైలో ఉంటున్న తెలుగువాళ్లందరికీ నమస్కారం. ఎవరిని అడగాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

మా మామయ్యగారికి అరవై ఎనిమిదేళ్లు. గూడూరులో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఏప్రిల్ నెలాఖరులో ఒక తెల్లవారుజామున పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. చెన్నై తీసుకొచ్చి ఆసుపత్రిలో చేర్చాం. పద్దెనిమిది రోజుల తర్వాత ఇంటికి పంపారు. దేవుడి దయవల్ల మాట పోలేదు. పద్యాలు ఇప్పటికీ గడగడా చెబుతారు. పక్కన మనిషి ఉంటే లేచి నిలబడి నాలుగడుగులు వేస్తారు. ఎడమ చెయ్యి భుజం దగ్గర కాస్త కదులుతోంది గానీ వేళ్లలో చలనం లేదు.

ఇంటికి ఒక ఫిజియోథెరపిస్టు వస్తున్నారు. నలభై ఏళ్ల మనిషి, మర్యాదస్థుడు. రాగానే చేతికీ కాలికీ ప్యాడ్లు అంటించి ఇరవై నిమిషాలు కరెంటు పెడతారు. తర్వాత కాలు పదిసార్లు ఎత్తించి, చెయ్యి పదిసార్లు తిప్పి వెళ్లిపోతారు. కరెంటు పెట్టినప్పుడు చెయ్యి ఎగురుతుంది. అది చూస్తే మా అత్తయ్యకు ప్రాణం లేచివస్తుంది.

పోయిన వారం ఆయన సొంత ఊరికి వెళుతూ తన బదులు ఒక అమ్మాయిని పంపారు. పాతికేళ్లు ఉంటాయేమో. ఆ అమ్మాయి మిషన్ బయటికి తీయనే లేదు. మంచం ఏ వైపు నుంచి దిగుతారు, రాత్రి బాత్రూముకు ఎలా వెళతారు, జబ్బు రాకముందు పొద్దున్నే లేచి ఏమేం చేసేవారు అని మామయ్యనే అడిగింది, మమ్మల్ని కాదు. కుర్చీలోంచి లేచి తలుపు దాకా నడిచి, తిరిగి వచ్చి కూర్చోమంది. తర్వాత, "భోజనం వేళ అయింది కదా, తినండి, నేనిక్కడే కూర్చుంటాను" అంది. ఆయన తింటున్నంతసేపూ చూసింది. చివరికి రెండే రెండు పనులు చేయించి, "ఒక అనుమానం ఉంది, రేపు ఇంకోసారి చూసి చెబుతాను" అని వెళ్లిపోయింది. ఫీజు మాత్రం అంతే. అన్నం తినేది చూడటానికి ఏడు వందలా అని అత్తయ్య బాధపడి, ఆ సాయంత్రమే ఫోను చేసి ఇక రావద్దన్నారు.

నా సందేహాలు రెండు. వీళ్లు ఏం చదివారో తెలుసుకోవడం ఎలా? అడిగితే అవమానంగా భావిస్తారా? ఇద్దరిలో ఎవరి పద్ధతి సరైనది?

ఇంకో చిన్న మాట. ఈ మధ్య మామయ్యకు కూర సహించడం లేదు. అన్నం, పెరుగు తింటారు, కూర అలాగే కంచంలో మిగిల్చేస్తున్నారు. తన చేతి కూర నచ్చడం లేదేమోనని అత్తయ్య మనసు కష్టపెట్టుకుంటున్నారు. నోటికి రుచి పోవడం కూడా ఈ జబ్బులో భాగమేనా?

నిర్వాహకులు, జూన్ 12, ఉదయం 10:45

అనుభవాలు రాసేటప్పుడు ఆసుపత్రుల పేర్లు, మనుషుల పేర్లు, ఫోను నంబర్లు పెట్టకండి. చర్చ కొనసాగించండి.

అంబత్తూరు లేత్, జూన్ 12, మధ్యాహ్నం 1:10

చెల్లెమ్మా, మీ అత్తయ్యగారి మాట కొట్టిపారేయకండి. నేను అంబత్తూరు పారిశ్రామికవాడలో ముప్పై ఏళ్లుగా లేత్ మీద నిలబడి పని చేస్తున్నాను. నడుము పట్టేసినప్పుడల్లా ఆ కరెంటే నన్ను మళ్లీ డ్యూటీకి పంపింది. పెట్టించుకున్నవాడికి తెలుస్తుంది ఆ సుఖం. ఇరవై నిమిషాలైనా నమ్మకంగా వచ్చి చేసిపోయే మనిషిని, పేషెంటు తింటుంటే చూసి వెళ్లే మనిషి కోసం వదులుకోవద్దు. నా అభిప్రాయం ఇది.

పెరంబూరు క్వార్టర్స్, జూన్ 12, మధ్యాహ్నం 3:35

అక్కా, మా అమ్మకు రెండేళ్ల కిందట ఇదే వచ్చింది. ఆమెకు కుడివైపు. మేము చేసిన తప్పు మీరు చేయకూడదని రాస్తున్నాను. మంచం మీద నుంచి లేపేటప్పుడు పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగేవాళ్లం. అందరం అలాగే లాగాం, నేనూ, మా అన్నయ్యా, పనిమనిషీ. నెల తిరిగేసరికి భుజం కీలు జారి, రాత్రిళ్లు ఏడ్చేది అమ్మ. పక్షవాతం కన్నా ఆ భుజం నొప్పే ఆమెను ఎక్కువ కుంగదీసింది. పడిపోయిన చేతిలో కండరాలకు పట్టు ఉండదు కాబట్టి కీలును పట్టి ఉంచేది ఏదీ ఉండదని తర్వాత వచ్చిన ఫిజియో చెప్పారు. అప్పటిదాకా ఆ ముక్క ఎవరూ చెప్పలేదు. మామయ్యగారిని లేపేటప్పుడు నడుము దగ్గర పట్టుకోండి. చంకలో చెయ్యి వేసి ఎత్తకండి. కూర్చున్నప్పుడు ఆ చేతి కింద దిండు ఉంచండి. చొక్కా తొడిగేటప్పుడు ముందు ఎడమ చెయ్యి, విప్పేటప్పుడు చివర ఎడమ చెయ్యి.

నడక నేస్తం (విరుగంబాక్కం), జూన్ 12, రాత్రి 9:50

గూడూరు కోడలు గారూ, నేను ఫిజియోథెరపిస్టుని. మీ ప్రశ్నలకు వివరంగా రాస్తాను, కానీ ముందు నాలుగు సంగతులు చెప్పండి. కంచంలో కూర ఏ వైపు వడ్డిస్తున్నారు? గడ్డం తానే గీసుకుంటే ఎడమ చెంప మీద వెంట్రుకలు మిగులుతున్నాయా? నడిచేటప్పుడు ఎడమ భుజం ద్వారబంధానికి తగులుతోందా? ఎడమవైపు నుంచి పిలిస్తే కుడివైపు తిరిగి వెతుకుతున్నారా?

రేపు మధ్యాహ్నం భోజనంలో ఏమీ అనకుండా, ఆయన తినడం ఆపేశాక కంచాన్ని సగం చుట్టు తిప్పి చూడండి.

గూడూరు కోడలు, జూన్ 13, మధ్యాహ్నం 2:15

నడక నేస్తం గారూ, చేతులు వణుకుతున్నాయి, తప్పులుంటే మన్నించండి.

మేము కూర ఎడమవైపే వేస్తాం. ఈ రోజు దొండకాయ వేపుడు. మామయ్య ఎప్పటిలాగే కుడివైపు అన్నం కలుపుకుని పప్పుతో తిన్నారు. కంచం మధ్యలో గీత గీసినట్టు కుడి సగం ఖాళీ, ఎడమ సగంలో అన్నమూ వేపుడూ ముట్టకుండా ఉన్నాయి. చెయ్యి కడుక్కోబోతుంటే మీరు చెప్పినట్టు కంచం తిప్పాను. ఆయన చూసి, "దొండకాయ ఎప్పుడు వేశావమ్మా? ఇందాకే వేయకూడదూ?" అన్నారు. అన్నీ తిన్నారు. అత్తయ్య వంటింట్లోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు.

గడ్డం సంగతి కూడా నిజమే. ఎడమ చెంప సరిగా గీయరు, చెయ్యి బాగాలేక అనుకున్నాం. గీసేది కుడి చేత్తోనే కదా, ఆ ఆలోచనే రాలేదు మాకు. ఇది ఏమిటండీ? కళ్లు పోతున్నాయా? ఆ అమ్మాయి అనుమానం ఇదేనా?

నడక నేస్తం, జూన్ 13, రాత్రి 10:30

భయపడకండి. ఆ అమ్మాయి అనుమానం ఇదే అయ్యుంటుంది. భోజనం దగ్గర కూర్చున్నది అందుకే.

మెదడులో కుడి సగం దెబ్బతిన్నప్పుడు ఎడమ చెయ్యి, కాలుతో పాటు కొందరిలో ఎడమవైపు ప్రపంచం మీద ధ్యాసే పోతుంది. కన్ను చూస్తుంది, మెదడు ఆ సగాన్ని లెక్కలోకి తీసుకోదు. కంచంలో సగం, అద్దంలో సగం, వాకిట్లో సగం లేనట్టే ఉంటుంది. తన ఎడమ చెయ్యి ఒంటి కింద నలుగుతున్నా తెలియకపోవచ్చు. మరికొందరిలో ధ్యాస బాగానే ఉండి చూపులోనే ఎడమ సగం పోతుంది. రెండింటికీ తేడా ఉంది కాబట్టి ఆమె ఇంకోసారి చూస్తానంది. మీ న్యూరాలజిస్టుకు కంచం సంగతి మొత్తం చెప్పండి, ఆయన తేలుస్తారు.

ఈలోగా ఆయనకు ఎడమవైపు కూర్చుని మాట్లాడండి. కంచం ఎడమ అంచుకు ఎర్ర టేపు అంటించి, తినేటప్పుడు "ఎర్ర గీత కనబడేదాకా చూడండి మామయ్యా" అనండి. కానీ పిలుపు గంట, మంచినీళ్లు, కర్ర కుడివైపే ఉండాలి. అభ్యాసం వేరు, ఆపద వేళ వేరు. మంచం నుంచి ఒంటరిగా దిగనివ్వకండి. ఈ ధ్యాస లేనివాళ్లు తమకు ఏమీ కాలేదన్న ధీమాతో లేచి పడిపోవడం నేను చాలాసార్లు చూశాను.

తలుపు దాకా నడిపించి కూర్చోబెట్టడం కూడా పరీక్షే. కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూస్తాం. పెద్దవాళ్లకు పన్నెండు సెకన్లు దాటితే పడిపోయే ప్రమాదం ఉందని లెక్క. బయటివాళ్లకు అది ఊరికే నడిపించినట్టే ఉంటుంది. ఆ కాసేపట్లో మేము లేవడానికి ఏ చెయ్యి ఆనిందో, ఏ కాలు ఈడుస్తోందో, తిరిగేటప్పుడు ఎన్ని అడుగులు పడ్డాయో చూస్తాం.

ఇక చదువు సంగతి. అడగండి. నిస్సంకోచంగా అడగండి. అడిగినందుకు ఇంతవరకు నేను ఎవరి మీదా కోపం తెచ్చుకోలేదు. నాది చెబుతాను, అడగాల్సినవి ఏమిటో దాంట్లోనే తెలుస్తాయి.

మాది సూళ్లూరుపేట. 2004లో చెన్నైలో బీపీటీలో, అంటే ఫిజియోథెరపీ డిగ్రీలో చేరాను. నాలుగేళ్ల చదువు, ఆపైన ఆరు నెలల ఇంటర్న్‌షిప్. మొదటి ఏడాది శరీర నిర్మాణ శాస్త్రం తరగతిలో మా మేడమ్ ముంజేతిలో తెల్లటి తాడు లాంటి స్నాయువును పట్టకారుతో మెల్లగా లాగారు. ఎక్కడో చివర చూపుడు వేలు లేచి నిలబడింది. వేళ్లను తెరిచే కండరాలు వేళ్లలో ఉండవు, ముంజేతిలో ఉంటాయని పుస్తకంలో చదివినదే, కానీ ఆ వేలు లేవడం చూసిన రోజు నుంచి నేను మనిషి చేతిని చూసే తీరు మారిపోయింది. వేళ్లు బిగుసుకుపోతున్న పేషెంటు చేతిలో బంతి పెట్టి పిసకమనడం ఇళ్లలో అందరూ చేసే పని. ఆ వేళ్లకు మూసుకోవడం కష్టం కాదు, తెరుచుకోవడం కష్టం. బంతి ఆ బిగువునే పెంచవచ్చు. మామయ్యగారికి బంతి ఇప్పుడే ఇవ్వకండి, మీ ఫిజియో చెప్పాకే.

ఇంటర్న్‌షిప్‌లో పొద్దున ఆరింటికి ఐసీయూలో ఆపరేషన్ అయినవాళ్ల చేత దగ్గించి కఫం తీయించేదాన్ని. కాలిన గాయాల వార్డు, పిల్లల వార్డు, ఎముకల వార్డు, అన్నీ తిరిగాను. తర్వాత పీజీ, అంటే ఎంపీటీ రెండేళ్లు, నాడీ సంబంధ వ్యాధుల విభాగంలో. ఎంపీటీలో ఎముకలు కీళ్లు, గుండె ఊపిరితిత్తులు, ఆటగాళ్ల గాయాలు, పిల్లలు ఇలా వేర్వేరు శాఖలు ఉంటాయి. పక్షవాతానికి నాడీ విభాగం చేసినవాళ్లు దొరికితే మంచిది, దొరక్కపోతే అలాంటి పేషెంట్లను చాలామందిని చూసిన బీపీటీ అయినా సరే. 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం చేసింది. మా వృత్తి వాళ్లకు కేంద్ర, రాష్ట్ర స్థాయిల్లో రిజిస్టరు ఉండాలని ఆ చట్టం చెబుతోంది. డిగ్రీ ఏమిటి, ఏ విశ్వవిద్యాలయం, నమోదు ఉందా అని అడగడం మీ హక్కు. కొద్ది నెలల సర్టిఫికెట్‌తో సహాయకులుగా చేరినవాళ్లు కూడా ఫిజియోలమని ఇళ్లకు వెళ్లడం మా వృత్తిలో నన్ను బాగా బాధపెట్టే విషయం.

కానీ డిగ్రీ గుమ్మం దాకానే. లోపలికి వచ్చాక మనిషి ఎలా చూస్తున్నాడన్నదే అసలు సంగతి. ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో పూలు కట్టి అమ్మే ఒకావిడకు మోకాలి మార్పిడి ఆపరేషన్ తర్వాత నేను వ్యాయామాలు చేయించాను. కోణమాపినితో కొలిస్తే మోకాలు నూట ఐదు డిగ్రీలు వంగింది. నాకు ఎంత సంతోషమో. ఫైలులో రాసి పంపేశాను. రెండు నెలల తర్వాత బస్టాండులో ఆమె కూతురు కనబడింది. అమ్మ పూలు కట్టడం మానేసిందని చెప్పింది. ఆమె ముప్పై ఏళ్లుగా నేల మీద కూర్చుని కట్టేది. కొత్త కీలుతో నేల మీద కూర్చోకూడదు. కుర్చీలో కూర్చుంటే బుట్ట అందదు. ఒక్క మాట అడిగి ఉంటే బుట్టకు ఎత్తయిన పీట, పూలు పరుచుకోవడానికి ఒడి ఎత్తుకు సరిపోయే బల్ల, అన్నీ మొదటి వారంలోనే ఏర్పాటు చేసేవాళ్లం. ఆమె ఇంటికి వెళ్లి అదంతా సర్దాను గానీ అప్పటికి ఆమె పూలు అమ్మే మూల ఇంకొకరి చేతికి పోయింది. అప్పటి నుంచి ఎవరి దగ్గరికి వెళ్లినా మొదటి ప్రశ్న ఒకటే: మీరు మళ్లీ ఏం చేయాలనుకుంటున్నారు?

ఆ అమ్మాయికి మామయ్యగారు ఏమని జవాబు చెప్పారో కనుక్కోండి.

అంబత్తూరు లేత్, జూన్ 14, ఉదయం 7:05

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. కంచం సంగతి చదివాక నేను మొన్న రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ అమ్మాయిని అలా అనకూడదు.

అయితే కరెంటు గురించి నాకింకా అనుమానం ఉంది. నాకు ఉపశమనం వచ్చిన మాట నిజం. ఎంఆర్ఐలో వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు ఉబ్బింది అన్నారు. ఆ రోజు నుంచి వంగి చెప్పు తొడుక్కోవాలన్నా భయమే. ఇంట్లో బియ్యం బస్తా మా అబ్బాయే ఎత్తుతున్నాడు. నాకు యాభై మూడు. ఇక ఇంతేనా?

నడక నేస్తం, జూన్ 14, రాత్రి 9:15

అన్నయ్యగారూ, కరెంటు మోసం కాదు. నొప్పిని కాసేపు తగ్గిస్తుంది. ఆ కాసేపట్లో ఒళ్లు కదిలించి బలం పెంచుకుంటే అది మెట్టు. పెట్టించుకుని పడుకుంటే మళ్లీ నెలకు అక్కడే ఉంటాం. పక్షవాతంలోనూ అంతే. నడకలో పాదం ముందుకు వాలిపోయేవాళ్లకు సరైన క్షణంలో ఇచ్చే కరెంటు బాగా సాయపడుతుంది. పేషెంటు తానూ ఎత్తాలని ప్రయత్నిస్తున్నప్పుడు పెడితేనే మెదడు నేర్చుకుంటుంది. టీవీ చూస్తుంటే చెయ్యి దానంతట అది ఎగిరితే అది కండరానికి వ్యాయామమే, మెదడుకు పాఠం కాదు.

మీ స్కాన్ గురించి. 2015లో వెలువడిన ఒక పరిశీలన ఉంది. అసలు నడుము నొప్పే లేని మూడు వేల మందికి పైగా స్కాన్లను కలిపి చూశారు. ఇరవై ఏళ్లవాళ్లలో 37 శాతం మందికి, ఎనభై ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి డిస్కు అరుగుదల కనబడింది. డిస్కు ఉబ్బు కూడా ఇరవై ఏళ్లవాళ్లలో 30 శాతం, ఎనభైలో 84 శాతం. వీళ్లెవరికీ నొప్పి లేదు! తల నెరిసినట్టే లోపలా వయసు కనబడుతుంది. స్కాన్ కాగితం మీద ఉన్న ప్రతి మాటా మీ నొప్పికి కారణం కాదు.

నేను స్కాన్ కన్నా ముందు మాటలు వింటాను. నొప్పికి మన భాషలో ఎన్ని మాటలున్నాయో గమనించారా? పట్టేసింది అంటే నేను మొదట కండరం వైపు చూస్తాను. మంట, తిమ్మిరి, చీమలు పాకినట్టు, కాలులోకి తీగలా లాగుతోంది అంటే నరం గుర్తుకు వస్తుంది. సలుపు వేరు, పోటు వేరు, పీకు వేరు. పొద్దున లేవగానే బిగుసుకుపోయి గంట గడిస్తేగానీ వదలడం లేదంటే వాపు జబ్బు ఏదైనా ఉందేమోనని డాక్టరు దగ్గరికి పంపుతాను. చెన్నై ఆసుపత్రుల్లో మన పెద్దవాళ్లు వచ్చీరాని తమిళంలో "వలి" అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటారు. తమిళంలోనూ నొప్పికి మాటలకు కొదవ లేదు, వీళ్లకు వచ్చింది అదొక్కటే. వాళ్ల పక్కన కూర్చుని తెలుగులో అడిగితే పది మాటలు వస్తాయి, ఆ పదింట్లో సగం రోగనిర్ధారణ ఉంటుంది. నేను ఇంటర్న్‌గా ఉన్నప్పుడు తమిళం నాకు పేషెంట్లే నేర్పారు. ఇప్పుడు తెలుగు పేషెంటు వస్తే మా క్లినిక్కులో తమిళ ఫిజియోలకు నేను ఆ మాటలు విడమరిచి చెబుతాను.

మీది ఏ నొప్పో రాయండి. మూత్రం, విరేచనం మీద పట్టు తప్పడం, తొడల మధ్య మొద్దుబారడం, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం లాంటివి ఉంటే నా జవాబు కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

అంబత్తూరు లేత్, జూన్ 14, రాత్రి 9:40

అవేమీ లేవమ్మా. పట్టేయడమే. సాయంత్రం షిఫ్టు దిగేటప్పుడు ఎక్కువ, ఆదివారం ఉండదు.

నడక నేస్తం, జూన్ 14, రాత్రి 9:55

ఆదివారం ఉండదన్నారు, అదే పెద్ద ఆధారం. లేత్ ముందు ఎనిమిది గంటలు ఒకే భంగిమ కదా. కాలి కింద జానెడు ఎత్తు చెక్క వేసుకుని అరగంటకొకసారి కాళ్లు మార్చండి. వంగడానికి భయపడకండి, కొద్ది బరువుతో మొదలుపెట్టి వారం వారం పెంచండి. దగ్గర్లో ఎవరైనా ఫిజియో మీరు పని చేసే తీరు చూడగలిగితే ఇంకా మేలు.

అడయారు పాతకాపు, జూన్ 15, ఉదయం 6:30

ఈ చర్చ చదువుతుంటే యాభై ఏళ్లు వెనక్కి వెళ్లాను. నాకు రెండేళ్ల వయసులో పోలియో వచ్చింది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు 1937లో మద్రాసులో ప్రారంభించిన ఆంధ్ర మహిళా సభ ఎందరికో తెలుసు గానీ, అడయారులో వారి ఈశ్వరీ ప్రసాద్ దత్తాత్రేయ ఆర్థోపెడిక్ కేంద్రం మాలాంటి పిల్లలకు ఏం చేసిందో తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారు. 1970ల మొదట్లో మా అమ్మ నన్ను చంకన వేసుకుని బస్సులో అక్కడికి తీసుకువెళ్లేది.

రెండు కడ్డీల మధ్య క్యాలిపర్ (కాలికి ఊతంగా కట్టే ఇనుప పట్టీ) తగిలించిన కాలితో నిలబెట్టేవారు. అక్కడి ఫిజియో ఆవిడ అవతలి చివర నేల మీద మోకాళ్ల మీద కూర్చునేది. నిలబడి పిలిస్తే తలెత్తి చూడబోయి పడిపోతానని ఆమెకు తెలుసు. ఆమె ముఖం నా ముఖం ఎత్తులో ఉండేది. ఆ కడ్డీల ఇనుప వాసన నా అరచేతుల్లో ఇంటికి వచ్చేదాకా ఉండేది. బడికి నడిచి వెళ్లింది, బ్యాంకులో ముప్పై నాలుగేళ్లు ఉద్యోగం చేసింది ఆ కాళ్లతోనే.

దేశంలో సహజ పోలియో వైరస్ వల్ల వచ్చిన చివరి కేసు 2011 జనవరిలో నమోదైంది. ఇప్పటి యువ ఫిజియోలు చాలామంది మాలాంటివాళ్లను చూసి ఉండరు. నాకు యాభై ఐదు దాటాక మంచి కాలు కూడా బలహీనపడింది. ఒకరు బలం రావాలంటే ఇంకా ఎక్కువ చేయాలని రోజూ బరువులు ఎత్తించారు. నెల రోజుల్లో మెట్లు ఎక్కలేని స్థితికి వచ్చాను. తర్వాత చూసిన ఆవిడ నా పాత కథ మొత్తం విని, దశాబ్దాలుగా రెట్టింపు పని చేసి అలసిన నరాలివి, వీటికి విశ్రాంతి కూడా మందే అని సగానికి సగం తగ్గించారు. వారం తిరిగేసరికి తేడా తెలిసింది. కాబట్టి అమ్మాయీ, ఎక్కువ చేయించేవారే మంచి ఫిజియో అని కూడా అనుకోవద్దు.

పెరంబూరు క్వార్టర్స్, జూన్ 15, ఉదయం 11:20

పెద్దాయనా, మీరు రాసింది మా అమ్మకు చదివి వినిపించాను.

రోజుకు ఏడు వందలు చాలామందికి మోయలేని ఖర్చు. మేమూ నాలుగు నెలలకే చేతులెత్తేశాం. తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టులో మొదలుపెట్టిన "మక్కళై తేడి మరుత్తువమ్" పథకంలో ఇంటికే వచ్చి బీపీ, షుగరు మందులు ఇస్తారు, లేవలేనివాళ్లకు ఫిజియోథెరపీ కూడా ఉంది. మా వార్డు ఆరోగ్య కేంద్రంలో పేరు రాయించాం. రోజూ రారు. వచ్చినప్పుడు మాత్రం మా వదినకు నేర్పి వెళతారు, మిగతా రోజులు వదిన చేయిస్తుంది. ఆధార్ చిరునామా చెన్నైది కాకపోయినా అడిగి చూడండి అక్కా.

బీపీటీ మూడో ఏడాది, జూన్ 15, సాయంత్రం 5:00

నేను విద్యార్థిని. చిన్నదాన్నైనా ఒక మాట. రాసుకోవడం చూడండి. మాకు మొదటి రోజు నుంచి నేర్పేది అదే: ఏం చూశాం, ఎన్ని డిగ్రీలు, ఎన్ని సెకన్లు, ఈ వారం ఏం మారింది. ఇంటికి వచ్చే ఫిజియో దగ్గర మీ మామయ్యగారి పేరుతో ఒక కాగితమైనా ఉందా అని అడగండి.

గూడూరు కోడలు, జూన్ 19, రాత్రి 8:40

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నాలుగు రోజుల్లో చాలా జరిగింది.

న్యూరాలజిస్టు పరీక్ష చేసి చూపు బాగానే ఉంది, ధ్యాస లోపమే అన్నారు. ఎర్ర టేపు అంటించాం.

మొదటి ఫిజియో ఊరి నుంచి వచ్చారు. ధైర్యం చేసి చదువు గురించి అడిగాను. ఆయన కూడా బీపీటీనే, పదిహేనేళ్ల అనుభవం. నొచ్చుకోలేదు. కంచం సంగతి చెబితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆయన చెప్పింది ఇక్కడ రాయాలనిపించింది. "నేను రోజుకు పదకొండు ఇళ్లు తిరుగుతానమ్మా. మొదట్లో నేనూ ఆ అమ్మాయిలాగే గంట కూర్చునేవాడిని. మిషన్ పెట్టని రోజు డబ్బులివ్వడానికి ఇళ్లలో మొహమాటపడేవారు, రెండో వారం మాన్పించేవారు. మిషన్ తెచ్చాక ఎవరూ మాన్పించలేదు" అన్నారు. అత్తయ్య అక్కడే నిలబడి విన్నారు. తన వంకే చూసి అన్నట్టు అనిపించిందట ఆమెకు.

ఆయనే ఆ అమ్మాయికి ఫోను చేసి మళ్లీ రమ్మన్నారు. నాడీ విభాగంలో ఎంపీటీ చేస్తోందట, తనకన్నా ఆమె బాగా చూస్తుందని ఆయనే ఒప్పుకున్నారు. ఫోనులో అత్తయ్య కూడా మాట్లాడారు. ఏమన్నారో నేను వినలేదు.

మామయ్య ఆ రోజు ఏం జవాబు చెప్పారో అడిగాను. పంచె తానే కట్టుకోవాలని చెప్పారట. ఇంటికొచ్చినప్పటి నుంచి లుంగీ చుట్టి ముడి వేస్తున్నాం, లేదా నైట్ ప్యాంటు. నలభై ఏళ్లు కుచ్చిళ్లు పోసి పంచె కట్టి బడికి వెళ్లిన మనిషి. ఆయన ఒక్కసారీ మాతో ఆ మాట అనలేదు.

నడక నేస్తం, జూన్ 19, రాత్రి 10:10

పంచె చాలా మంచి లక్ష్యం. ఆధారం లేకుండా నిలబడాలి, కిందికి చూడాలి, రెండు చేతులూ కావాలి, ఎడమ అంచు వెతుక్కోవాలి. నేను కూర్చుని ఆలోచించినా మామయ్యగారికి ఇంత సరిపోయే వ్యాయామం తట్టేది కాదు. పక్షవాతం తర్వాత మొదటి మూడు నెలల్లో కోలుకోవడం వేగంగా ఉంటుంది, మీకింకా సమయం ఉంది. ఆ తర్వాతా ఆగదు, నెమ్మదిస్తుంది అంతే.

ఆయన సొంత పంచెతోనే చేయించమనండి. తువ్వాలుతో కాదు.

గూడూరు కోడలు, సెప్టెంబరు 8, రాత్రి 9:00

చాలా రోజుల తర్వాత రాస్తున్నాను. ఈ రోజు ప్రపంచ ఫిజియోథెరపీ దినమట. పొద్దున్న వాళ్ల కాలేజీలో కార్యక్రమం ఉండి ఆ అమ్మాయి సాయంత్రం వచ్చింది. వచ్చేసరికి మామయ్య గోడకు వీపు ఆనించి నిలబడి ఉన్నారు. ఎడమవైపు కుర్చీ, ఎదురుగా నిలువుటద్దం. ఎడమ వేళ్లు ఇంకా పూర్తిగా తెరుచుకోవు, బొటనవేలు మాత్రం నొక్కి పట్టుకోగలదు. పంచె అంచును నడుము దగ్గర ఆ బొటనవేలి కింద అదిమి ఉంచి, కుడి చేత్తో కుచ్చిళ్లు పోశారు. మొదటిసారి ఎడమవైపు అంచు జారిపోయింది. అత్తయ్య ముందుకు వెళ్లబోతే ఆ అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది. మామయ్య అద్దంలో ఎడమవైపు వెతికి, జారిన అంచు తానే చూసుకుని, వంగి అందుకున్నారు.

పద్నాలుగు నిమిషాలు పట్టింది. ఆ అమ్మాయి కాగితం మీద రాసుకుంది. ఈ రోజు అత్తయ్య దొండకాయ వేపుడు చేశారు, ఆమెను కూర్చోబెట్టి మామయ్య పక్కనే వడ్డించారు.